పగటి దివిటీ

గత మాసంలో మా మేనల్లుడు ఒక తగవును వెంటబెట్టుకొని విజయనగరంలోని మా యింటికి వచ్చాడు. మూడేళ్ల క్రితం కొనుక్కొన్న తన కారుకు ముందు బంపరులో రెండు వైపులా తెల్లని ఎల్.ఇ.డి. దీపాల పట్టీలు పెట్టించుకోవాలని వాడి కోరిక. మా బావగారు ససేమిరా వద్దన్నారు. తండ్రి మాటకు మేనమామ మాట అడ్డువేయవచ్చునని వాడి ఆశ.

"పట్టపగలు దీపమెందుకురా, దండుగ కాకపోతే?" అన్నాను, అలవాటు చొప్పున.

"అది మనం దారి చూడడానికి కాదు మామయ్యా, మనం కనబడడానికి" అన్నాడు వాడు.

మూడు దశాబ్దాలు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. ఎవరైనా ఒక మాటను రెండుగా విడగొట్టి చూపితే నాకు అక్కడే కాలు ఆగిపోతుంది. వాణ్ణి కాఫీకి కూర్చోబెట్టి ఆలోచనలో పడ్డాను. ఆ ఆలోచనే ఈ టపా. విషయం మోటారుబండిదైనా నా దారి పాతదే, కొంచెం ఓపిక పట్టండి.

మన శాస్త్రాలలో దీపాన్ని స్వపరప్రకాశకం అంటారు. అది తన్నూ చూపుతుంది, ఇతరమునూ చూపుతుంది. గదిలోని కుండను చూడడానికి దీపం కావాలి గాని, దీపాన్ని చూడడానికి మరొక దీపం అక్కరలేదు. జ్ఞానం విషయంలో ఈ ఉపమానాన్ని పట్టుకొని పండితులు తరతరాలు వాదించుకొన్నారు. ఆ జోలికి నేను పోను. నాకు కావలసింది ఇంతే: దీపానికి రెండు పనులున్నవి, అవి రెండూ విడదీయరానివని మనం అనుకొంటాం. మా మేనల్లుడు అడిగిన దీపంలో మాత్రం రెండవ పని లేదు. అది తన్ను తాను చూపుకొంటుంది, అంతే.

ఇది కొత్తదా అంటే కాదు. 'పగటి దివిటీ' అన్న మాట మన పెద్దల నోట విన్నదే. ('పగలు' మీద ఔపవిభక్తికమైన 'టి' చేరి 'పగటి' అయినది. పాఠం చెప్పే అలవాటు పోలేదు, మన్నించండి.) పూర్వం పట్టపగలు ముందు దివిటీలు వెలిగించుకొని నడవడం ఒక గౌరవం. రాజుగాని, రాజు అనుమతించినవాడు గాని తప్ప మరొకడు ఆ పని చేయరాదు. శృంగేరీ పీఠానికి ఉన్న రాజలాంఛనాలలో 'హగలు దీవటిగె' ఒకటి. ఇంకా ముచ్చటైన సాక్ష్యం కేరళలో ఉన్నది. వీరరాఘవ చక్రవర్తి అనే రాజు ఇరవికొర్తన్ అనే వర్తక ప్రముఖునికి ఇచ్చిన తామ్రశాసనం అది. ఆ రాజు 13వ శతాబ్దం వాడని కొందరు, 14వ శతాబ్దం వాడని కొందరు. ఆ వర్తకునికి ఇచ్చిన హక్కుల పట్టికలో పల్లకి ఉన్నది, గొడుగు ఉన్నది, నడిచే దారిలో పరిచే వస్త్రం ఉన్నది, తోరణం ఉన్నది. 'పకల్ విళక్కు', అనగా పగటి దీపం, ఉన్నది. ఆ వరుసలోనే 'వడుగ పఱై' అని ఒక వాద్యం కూడా ఉన్నది. దక్షిణాన మన తెలుగువారికి వడుగులని పేరు. పగటి దీపం వెలిగించుకొని, తెలుగు డప్పు కొట్టించుకొంటూ ఒక వర్తకుడు కొడుంగల్లూరు వీధిలో నడిచి వెళ్లడం ఊహించుకొంటే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం గర్వమూ కలిగింది.

ఆ దీపం ఎవరికి దారి చూపింది? ఎవరికీ లేదు. "నేను వస్తున్నాను, తప్పుకొనుము" అని చెప్పింది. ఎదుటివాడు తప్పుకోవలసినవాడు గనుక అతనికి దీపం అక్కరలేదు.

సామాన్యుడి వైపు నుండి చూస్తే సంగతి వేరు. మా చిన్నతనంలో రాత్రివేళ ఎడ్లబండి ఇరుసుకు లాంతరు వేలాడగట్టేవారు. ఆ మసక వెలుగులో బండివానికి దారి కనబడేదనుకొంటే పొరపాటు. దారి ఎద్దులకు తెలుసును, అతడు సగం దూరం నిద్రలోనే ఉండేవాడు. ఆ లాంతరు వెనుక నుండి వచ్చే లారీ కోసం. అది గౌరవం కోసం వెలిగించిన దీపం కాదు, ప్రాణం కోసం వెలిగించిన దీపం. నేను భాషాప్రవీణ చదివే రోజులలో, 1978లో అనుకొంటాను, లైటు లేని సైకిలు మీద వస్తూ కంటోన్మెంటు దగ్గర పోలీసుకు దొరికి జరిమానా కట్టాను. "వెన్నెల ఉన్నది గదండీ, దారి బాగానే కనబడుతున్నది" అని వాదించాను. "నీకు కనబడుతున్నది సరే, నువ్వు ఎవరికి కనబడుతున్నావు?" అన్నాడాయన. మేనల్లుని మాట వినగానే నలభై ఏళ్లు దాటిన ఆ మాట గుర్తుకు వచ్చింది. ఆ రోజున నాకు జరిమానా బాధ తప్ప అర్థం తలకెక్కలేదు.

ఇక మోటారుబండి దీపం కథ. తొలినాళ్ల కార్లకు గుర్రపుబండ్ల నూనెదీపాలే తగిలించారు. వేగం పెరిగేసరికి ఆ వెలుగు చాలలేదు. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ అల్యూమినియం చేయబోయి, విద్యుత్ కొలిమిలో సున్నమూ తారూ కాల్చి, కాల్షియం కార్బైడును తయారు చేశాడు. దాని మీద నీళ్లు పడితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, అంటిస్తే తెల్లగా మండుతుంది. మన ఇళ్లలో ఈ కార్బైడు పేరు తెలిసింది దీపాల వల్ల కాదు, మామిడికాయలు దొంగతనంగా ముగ్గబెట్టే వ్యాపారుల వల్ల. అదే ముద్ద, అదే వాయువు. ఆ కాలంలో కార్ల దీపాలకు అదే ఆధారం. ఫ్రాన్సులో లూయీ బ్లేరియో ఆ ఎసిటిలీన్ హెడ్‌లైట్లు తయారు చేసి ధనవంతుడైనాడు. ఆ డబ్బంతా విమానాల మీద పోసి, 1909 జూలై 25న ఇంగ్లీషు ఛానెల్‌ను తన విమానంలో దాటిన మొదటివాడైనాడు. కారు దీపాలు లేకపోతే ఆ విమానం లేదు.

ఈ ఎసిటిలీన్ కథలోనే మరొక మహానుభావుడు ఉన్నాడు, స్వీడన్ దేశపు గుస్టాఫ్ దాలేన్. నిర్జనమైన తీరాలలో సముద్ర దీపస్తంభాలను వెలిగించడం, ఆర్పడం ఎవరు చేయాలి? ఆయన 1907లో 'సూర్యకవాటం' కనిపెట్టాడు. నల్లని లోహపు కడ్డీ ఒకటి పగటి వెలుగును పీల్చుకొని వ్యాకోచించి గ్యాసును మూసివేస్తుంది, చీకటి పడగానే సంకోచించి విడిచిపెడుతుంది. తెల్లవారితే దీపం దానంతట అదే ఆరుతుంది. 1912లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంవత్సరమే ఎసిటిలీన్ ప్రయోగంలో పేలుడు జరిగి రెండు కళ్లూ పోయాయి. చూపు పోయిన తరువాత ఆయన 25 ఏళ్లు బ్రతికి తన సంస్థను నడిపించాడు. పగటిపూట దీపాన్ని ఆర్పడమెలాగో లోకానికి నేర్పిన ఈ స్వీడన్ పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

1912 నాటికి అమెరికాలో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్తు స్టార్టరుతో పాటు విద్యుద్దీపాలూ వచ్చాయి. అక్కడి నుండి వెలుగు పెరిగినకొద్దీ ఎదుటివాని కన్ను చెదరడం మొదలయింది. 1920ల నడుమ ఒకే బల్బులో రెండు తీగలు పెట్టి, పైకి ఒక వెలుగు, కిందికి ఒక వెలుగు వచ్చేటట్లు చేశారు. మన లారీల వెనుక రాసి ఉండే 'డిప్పరు' అదే. అంబాసిడరు కారులో దాని మీట ఎడమ కాలి దగ్గర ఉండేది. దీపం చరిత్రలో ఇది పెద్ద మెట్టు అని నా అభిప్రాయం. ఎక్కువ చూడడమే కాదు, ఎదుటివానికి చూపు మిగల్చడం కూడా దీపం ధర్మమేనని అప్పుడు ఒప్పుకొన్నారు. తరువాత వచ్చిన హాలోజన్, జీనాన్ దీపాల వివరాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి.

నేను ఆగదలచుకొన్న చోటు యుద్ధకాలం.

1939 సెప్టెంబరులో బ్రిటనులో దీపాలార్పే శాసనం వచ్చింది. శత్రువిమానాలకు ఊళ్లు కనబడరాదు. వీధిదీపాలు లేవు, కిటికీలకు నల్లని తెరలు. కార్ల హెడ్‌లైట్లకు రేకుతో మూతలు వేసి, సన్నని చీలికల గుండా నేల మీద పడే కొద్దిపాటి వెలుగునే అనుమతించారు. పెట్రోలు రేషను వల్ల రోడ్డు మీద కార్లు తగ్గాయి గనుక ప్రమాదాలూ తగ్గాలి. జరిగింది తలకిందులు. 1938లో ఆ దేశపు రోడ్ల మీద చనిపోయినవారు 6,648 మంది. 1941లో 9,169 మంది. ఎక్కువ మంది కాలినడకన పోయేవారే. ఆకాశంలోని శత్రువుకు కనబడకుండా దాగిన బండి పక్కింటివానికి కూడా కనబడలేదు.

అప్పుడేం చేశారో వినండి. వెలుగు వాడరాదు గనుక తెలుపును వాడారు. కార్ల బంపర్లకూ, మడ్‌గార్డుల అంచులకూ, పక్కనుండే మెట్లకూ తెల్లరంగు పూయించారు. కాలిబాటల అంచురాళ్లకు, చెట్ల మొదళ్లకు, స్తంభాలకు తెల్లని పట్టీలు వేశారు. నడిచేవాళ్లను తెల్లని వస్తువు ఏదైనా ధరించమని, చేతిలో వార్తాపత్రిక అయినా పట్టుకొమ్మని ప్రచారం చేశారు. నా మేనల్లుడు బంపరు మీద పెట్టించుకొంటానన్న తెల్లపట్టీకి అసలైన పూర్వరూపం, నా దృష్టిలో, ఆడీ కారు కాదు, జర్మనీ కాదు. ఆ చీకటి రోజులలో ఎవడో బ్రిటను మనిషి కుంచెతో తన బంపరుకు పూసుకొన్న సున్నపుతెలుపు. ఎంత నిరాడంబరమైన వస్తువు! అందులో అందం లేదు, దర్పం లేదు. "నన్ను చూడండి, మీ ప్రాణం కాపాడుకోండి" అన్న ఒక్క మాట ఉన్నది. ఆ మాట బండికీ, కాలినడకవానికీ సమంగా చెప్పారన్నది మరచిపోకూడదు.

ఆ చీకటి మన తీరానికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ నుండి జనం మూటాముల్లె సర్దుకొని లోపలి ఊళ్లకు తరలిపోయిన సంగతి మా నాన్నగారు చెప్పేవారు. అప్పుడు ఆయన పిల్లవాడు. లాంతరు చిమ్నీకి నల్లకాగితం చుట్టి, కింద అరచేయంత వెలుగు మాత్రం వదిలి, దాని చుట్టూ అందరూ కూర్చొని అన్నాలు తినేవారట. నా మటుకు నేను చూసింది 1971 డిసెంబరు. నాకు 12 ఏళ్లు. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిపోయిన రోజులు. బస్సుల హెడ్‌లైట్లకు పైసగం నల్లరంగు పూశారు. సాయంకాలం ట్యూషను నుండి వస్తుంటే ఇంజను చప్పుడు వినబడేది గాని బండి ఎంత దూరంలో ఉన్నదో తెలిసేది కాదు. మా అమ్మ నాకు తెల్లచొక్కా తప్ప మరొకటి తొడగనిచ్చేది కాదు. ఆవిడకు ఎవరు చెప్పారో తెలియదు.

యుద్ధం వేరు, శాంతికాలం వేరు. శాంతికాలంలో, అదీ పట్టపగలు, దీపం వెలిగించి తీరాలని చట్టం చేసినవారు ఉత్తరాది మంచుదేశాలవారు. అక్కడ చలికాలంలో సూర్యుడు దిక్చక్రాన్ని అంటిపెట్టుకొని ఉంటాడు, పగలంతా సంజలాగే ఉంటుంది. ఫిన్లాండు 1972లో ఊళ్ల వెలుపలి రోడ్లకు, చలికాలానికి మాత్రం ఈ నియమం పెట్టింది. 1977 అక్టోబరు 1 నుండి స్వీడను ఏడాది పొడవునా అన్ని బండ్లకూ తప్పనిసరి చేసింది. దాలేన్ పుట్టిన స్వీడనే! పగలు దీపమార్పే యంత్రం కనిపెట్టిన దేశమే, 70 ఏళ్ల తరువాత, పగలు దీపమార్పరాదని శాసించింది. ఇందులో విరోధం లేదు. ఓడకు పగలు తీరం కనబడుతుంది. తీరానికి ఓడ కనబడకపోయినా ప్రాణం పోదు. రోడ్డు మీద అలా కాదు. ఆ పగటి దీపానికి వారు పెట్టుకొన్న పేరు 'వర్సెల్‌యూస్', తెలుగులో చెప్పాలంటే హెచ్చరిక వెలుగు.

1989 డిసెంబరు తరువాత తయారైన బండ్లకు కెనడా, 1990లో డెన్మార్కు ఆ దారి పట్టాయి. 2011 ఫిబ్రవరి 7 నుండి ఐరోపా సమాఖ్యలో కొత్తగా రూపొందే కార్లకు ఈ దీపాలు తప్పనిసరి అయినవి. అందరూ తలవూపారని అనుకోకండి. ఆస్ట్రియా 2005 నవంబరులో పగలు హెడ్‌లైట్లు వేయాలని చట్టం చేసి, 2008 జనవరి 1న దాన్ని ఉపసంహరించుకొన్నది. కార్లన్నీ వెలుగుతుంటే చూపంతా వాటి మీదికే పోయి, దీపం లేని పాదచారి, సైకిలువాడు మరుగున పడతారని అక్కడి విమర్శకుల వాదం. కార్లన్నిటికీ దీపాలు వస్తే తమ ప్రత్యేకత పోతుందని మోటారుసైకిళ్లవారూ గోల పెట్టారు. నాకు ఈ వాదం తోసిపుచ్చదగినదిగా తోచదు. పగటి దీపం మంచిదే, కాని అది చూపును లాగుకొంటుంది, లాగుకోవడమే దాని పని. ఎవరి దగ్గరి నుండి లాగుకొంటున్నదన్నది అడగవలసిన ప్రశ్న.

మన దేశంలో కథ ఇంకా చిత్రంగా నడిచింది. 2017 ఏప్రిల్ 1 నుండి తయారైన ద్విచక్రవాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలని నియమం వచ్చింది. మొదట్లో ఎదురుపడిన ప్రతివాడూ వేళ్లు ఆడించి "లైటు, లైటు" అని సైగ చేసేవాడు గుర్తున్నదా? సరిగ్గా నెల తరువాత, 2017 మే 1 నుండి, మంత్రుల, అధికారుల కార్ల మీది ఎర్రబుగ్గలు తీసివేశారు. ఎర్రబుగ్గ అంటే ఏమిటి? ఇరవికొర్తన్‌కు రాజు ఇచ్చిన పగటి దీపమే గదా! ఏప్రిల్‌లో పాలు అమ్ముకొనేవాని బండికి పగటి దీపం తప్పనిసరి అయినది, మేలో మంత్రిగారి నెత్తి మీది పగటి దీపం దిగింది. ఈ రెండింటినీ ఎవరూ కలిపి చూసినట్లు లేదు. నాకు మాత్రం ఏడు వందల ఏళ్ల లెక్క ఏదో ఆ వేసవిలో సరిపోయినట్లనిపించింది.

ఇక ఎల్.ఇ.డి. సంగతి. కార్బైడు పుట్టిన కాలంలోనే విద్యుత్ కొలిమి నుండి మరొక కార్బైడు, సిలికాన్ కార్బైడు, పుట్టింది. సానరాళ్లకు వాడే కార్బొరండం అదే. 1907లో హెన్రీ రౌండ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఆ స్ఫటికానికి విద్యుత్తు తగిలిస్తే అది పసుపుగా వెలగడం చూసి ఒక చిన్న లేఖ ప్రకటించి ఊరుకొన్నాడు. తరువాత రష్యాలో ఒలెగ్ లోసెవ్ అనే యువకుడు అదే వెలుగును తనంతట తాను కనుగొని, 1920లలో ఏళ్ల తరబడి పరిశోధించి వ్యాసాలు రాశాడు. 1942లో లెనిన్‌గ్రాడు ముట్టడిలో ఆకలితో మరణించాడు, 38 ఏళ్లకు. విశాఖలో బాంబులు పడిన సంవత్సరమే అది. ఈ రోజున ప్రతి కారు ముందూ మెరిసేది ఆ మనిషి చూసిన చల్లని వెలుగు సంతతే. ఆ పేరు తెలిసినవారు ఎందరుంటారు? 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎర్రని ఎల్.ఇ.డి. చేశాడు. తెల్లని వెలుగు రావాలంటే నీలం కావాలి. ఆ నీలం కోసం 30 ఏళ్లు ఆగవలసి వచ్చింది. జపానులో అకసాకి, అమానో దారి వేయగా, 1993లో నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించాడు. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే తెలుపు. 2014 నోబెల్ బహుమతి ఆ ముగ్గురిదీ.

2004లో ఆడీ వారు తమ ఎ8 కారు ఒక రకానికి పగటి దీపాలుగా ఎల్.ఇ.డి.లు పెట్టారు. అప్పటి నుండి పగటి దీపం రూపు మారింది. బల్బు అయితే గుండ్రంగా ఒకచోట కూర్చోవాలి. ఈ గింజలను ఎలాగైనా పేర్చవచ్చును, కనుబొమలాగా, కాటుక రేఖలాగా, కొడవలిలాగా. ప్రతి కంపెనీ తన గీతను తాను గీసుకొన్నది. ఖరీదైన బండ్లకే ఉండడం వల్ల ఆ గీత మళ్లీ హోదాకు చిహ్నమయింది. ఆ హోదా లేని బండివాడు బజారులో పట్టీ కొని అతికించుకోవడం మొదలుపెట్టాడు. రాజుగారి దివిటీ నుండి బయలుదేరి, బండివాని లాంతరుగా, యుద్ధకాలపు తెల్లరంగుగా, స్వీడను హెచ్చరికగా మారిన వెలుగు తిరిగి దివిటీ దగ్గరికే వచ్చింది. మా మేనల్లుని కోరికలో స్వీడను ఎంత, కొడుంగల్లూరు ఎంత అని నాకు సందేహం.

నా పట్టుదలకు మరొక కారణం ఉన్నది. నిరుడు కార్తికమాసంలో సంజవేళ గుడి నుండి నడిచి వస్తున్నాను. ఒక కంటికి శుక్లం తీయించుకొన్నాను, రెండవది ఇంకా మిగిలి ఉన్నది. ఎదురుగా ఒక కారు వచ్చింది. దాని బంపరులో నీలం కలిసిన తెల్లపట్టీలు, హెడ్‌లైట్లకు తోడుగా అవీ మండుతున్నవి. పక్కనే ఉన్న కంకరకుప్ప నాకు కనబడలేదు. పడ్డాను, కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. ఆ కారువానికి నేను పడ్డ సంగతే తెలియదు. అతని మీద నాకు కోపం లేదు. కుడిచేత్తో అన్నం కలుపుకోలేని ఆరు వారాలూ మాత్రం ఆ వెలుగును గురించి ఆలోచించాను.

ఇవన్నీ మేనల్లునికి చెప్పి, "పద, తెలిసినవాడిని అడుగుదాం" అని లేచాను. ఊళ్లో ఏ దుకాణానికి వెళ్లినా నా శిష్యుడొకడు తగులుతాడు. ఆటో ఎలక్ట్రికల్ పని చేసే ఈ శిష్యునికి ఎనిమిదో తరగతిలో సంధులు ఒక్కటీ వచ్చేవి కావు. తీగలను సంధించడంలో మాత్రం ఇప్పుడు దిట్ట.

"మేస్టారూ, బజారు పట్టీలో మూడేసి గింజలకు ఒక నిరోధకం ఉంటుందండి. పన్నెండు వోల్టులకు లెక్క కట్టినది. బండి నడుస్తుంటే పద్నాలుగు దాటి వస్తుందండి. వేడెక్కి, నీళ్లు దిగి, ఆరు నెలలకు సగం గింజలు చచ్చిపోతాయి. అది కాదు అసలు బాధ. హెడ్‌లైటు వైరు కోసి, టేపు చుట్టి, ఫ్యూజు లేకుండా కలిపేస్తారు. అక్కడ నిప్పు పుడుతుందండి" అన్నాడు.

సరైన పద్ధతి కూడా చెప్పాడు. బ్యాటరీ నుండి ఫ్యూజు గుండా విడిగా తీగ తీయాలి. నడుమ ఒక నియంత్రణ పెట్టె ఉండాలి. ఇంజను వేయగానే దీపాలు వెలగాలి, హెడ్‌లైటు వేయగానే ఆరిపోవాలి, లేదా బాగా తగ్గిపోవాలి. నేను ముందురోజు చదివి వెళ్లిన ఐరోపా నిబంధనలు అతనికి చెప్పాను. పగటి దీపం నేలకు 250 మిల్లీమీటర్ల కంటె కిందా, 1,500 కంటె పైనా ఉండరాదు. రెండింటి లోపలి అంచుల నడుమ 600 మిల్లీమీటర్లయినా ఎడం ఉండాలి. రంగు తెలుపే. ఒక్కొక్కదాని కాంతి 400 కాండెలాలకు తగ్గరాదు, 1,200కు మించరాదు. కాండెలా అంటే ఇంచుమించు ఒక కొవ్వొత్తి వెలుగు. "బజారు డబ్బా మీద ఈ అంకెలుంటాయా?" అని అడిగాను. నవ్వాడు.

"మరి నువ్వెప్పుడూ అలాంటివి వేయలేదా?"

కాసేపు మాట్లాడలేదు. "వేశానండి, మీతో అబద్ధమెందుకు. ఎర్రవీ నీలంవీ మార్చి మార్చి కొట్టేవి కూడా వేశాను. దుకాణం అద్దె కట్టాలి గదండీ. ఒక రాత్రి మా పాపను బండి మీద ఎక్కించుకొని కల్వర్టు మీద వస్తుంటే ఎదురుగా ఒక కారు. ఏమీ కనబడలేదండి, గోడ తగిలి ఆగాను. దాటిపోయాక వెనక నుంచి చూసి గుర్తుపట్టాను. నేను వేసినవే. అప్పుడు మానేశాను."

చట్టం సంగతి కూడా అతడే ఎత్తాడు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రంలోకి ఎక్కిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఆ ఏటి సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని విధించవచ్చునన్నారు. మా బావగారి అభ్యంతరం ఇదేనట. ఆయన రవాణా శాఖలో గుమాస్తాగా చేసి విరమించారు, సహజమే.

చివరకు శిష్యుడే దారి చూపాడు. ఆ కారు కంపెనీవారే అదే మోడలులోని పై రకానికి బంపరులో పగటి దీపాలు అమర్చి అమ్ముతున్నారు. ఆ జతను విడిగానూ ఇస్తారు. పొగమంచు దీపం గూటిలో సరిగ్గా కూర్చుంటుంది, దేనినీ కోయనక్కరలేదు. ముందు రవాణా కార్యాలయంలో అడిగి, వారు సరేనంటేనే తెప్పిద్దామన్నాను. మా బావగారే వెళ్లి అడిగి వచ్చారు. ఖర్చు 6,000 పైచిలుకు, బజారు పట్టీకి నాలుగింతలు. మేనల్లుని ముఖం చిన్నబోయింది గాని ఒప్పుకొన్నాడు.

నిన్న బిగించారు. నాలుగు గంటల ఎండలో నేను గొడుగు వేసుకొని రోడ్డు పక్కన నిలబడ్డాను. చింతచెట్ల నీడలో నుండి వాడి బూడిదరంగు కారు రావడం మలుపు దగ్గరే తెలిసింది. దీపాలు లేకుండా ఒకసారి రమ్మన్నాను, అప్పుడు సగం దూరం వచ్చేవరకు నీడలో కలిసిపోయింది. నా శుక్లం కంటికి కూడా తేడా తెలిసింది. చీకటి పడ్డాక మరొకసారి అదే చోట నిలబడ్డాను. హెడ్‌లైటు వేయగానే అవి ఆరిపోయాయి, కంకరకుప్ప కనబడుతూనే ఉన్నది.

వాడు కారు దిగి వచ్చి బంపరు వంక చూస్తూ నిలబడ్డాడు.

"రాత్రి వెలగకపోతే మా స్నేహితులు ఎప్పుడు చూస్తారు మామయ్యా?" అన్నాడు.

"మధ్యాహ్నం భోజనానికి పిలువు" అన్నాను.